హాండికాపు పట్టికయు, ఆటగాని విలువయు

బౌలింగనగానే మన బాలురకు క్రికెట్టు బంతి తలంపునకు వచ్చును. మేమిప్పుడు చెప్పబూనినది వేఱొక బౌలింగు. నున్నని కొయ్యబాట చివర త్రికోణముగా నిలిపిన పది పిన్నులను బరువైన గోళమును దొర్లించి పడగొట్టు ఆట యిది. గీత మొదలు తొలి పిన్ను వఱకు దూరము 60 అడుగులు. గోళము 16 పౌనులకు మించరాదు. అమెరికాలో దీని నియమములను స్థిరపఱచుటకై 1895లో న్యూయార్కున నొక సంఘమే యేర్పడెను. అచ్చట ఉద్యోగులు, వృద్ధులు, దంపతులు జట్లుగా గూడి వారమున కొకనాడు వినోదార్థము లీగు పందెములాడుదురు.

ఇట్టి లీగులలో చేయి తిరిగినవాడును, నిన్న గోళము పట్టినవాడును ఒక్క పందెమున నిలుతురు. కావుననే హాండికాపు అను నేర్పాటు కలిగెను. పరుగు పందెమున పసివానిని పది గజములు ముందు నిలుపుట వంటిదే యిది. 220 వంటి యొక సంఖ్యను మూలముగా గొని, ఆటగాని సగటు దానికెంత తక్కువయో చూచి, ఆ తక్కువలో నూటికి 90 వంతులు ప్రతి యాటకును కలుపుదురు. మూలసంఖ్యయు వంతును లీగు లీగునకు మాఱును. ఈ లెక్కన సగటు 120 గలవానికి 90 కలిసి 210 అగును. 180 గలవానికి 36 కలిసి 216 అగును. బలవంతునకు ఆఱు పిన్నుల మేలు మాత్రమే మిగులును. పందెము రక్తికట్టుటకు ఇది మంచి యుపాయమే, దీనిని మేమాక్షేపింపము.

మా యాక్షేపణయెల్ల, ఆ కలిపిన లెక్కను బట్టియే సంవత్సరాంతమున వ్యక్తులను తూచుటయందు. మొదటివాడు కష్టపడి తన సగటును 120 నుండి 138కి దెచ్చెననుకొందము. వాని హాండికాపు, భిన్నమును విడువగా, 90 నుండి 73కు దిగును, మొత్తము 211. పదునెనిమిది పిన్నుల కృషి పట్టికలో ఒక్కటిగా గనబడును! రెండవవాడు 180 నుండి 184కు వచ్చెను. హాండికాపు 32 ఆయెను. మొత్తము మునుపటివలెనే 216. పట్టికను జూచినవారు ఏడాది పొడవున ఎవరును ఏమియు నేర్చుకొనలేదని తలంతురు గదా! ఇది హాండికాపు తప్పు గాదు. భేదములను చెఱపుటకై పుట్టిన లెక్కను భేదము చెప్పుమని యడుగుట మన తప్పు. ఇద్దఱు బిడ్డల మార్కుల పత్రములను ప్రక్కప్రక్కన బెట్టుకొను తలిదండ్రులకు ఈ చిక్కు క్రొత్తది కాదు.

అట్లని పెరిగిన పిన్నులను మాత్రమే యెంచి మొదటివానికి బహుమానమిచ్చుటయు న్యాయముగా దోపదు. ఆటలో పది ఫ్రేములు. ఫ్రేమునకు రెండు గోళములు. ప్రతి ఫ్రేమునందును తొలి గోళముతో తొమ్మిది పడగొట్టి, మిగిలిన యొక్కదానిని పదిమార్లును వదలినవానికి వచ్చునది 90. ఆ యొక్కదానిని పదిమార్లును పడగొట్టి, చివరి యదనపు గోళముతో తొమ్మిది కొట్టినవానికి వచ్చునది 190. స్పేరు చేసినవానికి తరువాతి గోళముచే బడినవి కూడ చేరుటయే యింత తేడాకు గారణము. కావున స్పేరులు వదలుచున్న క్రొత్తవానికి పెరుగుటకు చోటు పెక్కు. 180 దాటినవాడు మఱి నాలుగు పిన్నులకై ఎంతయో శ్రమపడవలెను. ఇదిగాక, పెరుగుదలకే బహుమానమన్నచో, తొలి వారములలో బుద్ధిపూర్వకముగా పిన్నులు వదలి సగటు తగ్గించుకొను తలంపు కొందఱకు బుట్టును. నియమములు దీనిని నిషేధించుచున్నవి గాని, చేయి జాఱెనో, జాఱవిడిచెనో చూచువాడెట్లు చెప్పును?

ఒక శాలలోని సగటును వేఱొక శాలలోని సగటుతో పోల్చుటయు పొరపాటే. బాటపై బూయు నూనె తీరు మాఱినచో గోళము త్రోవయే మాఱును.

కావున వ్యక్తిని తూచునపుడు హాండికాపును ప్రక్కకు బెట్టవలెనని మా మతము. ఒకే శాలలో తగినన్ని యాటలాడినవారిని సగటులను బట్టి తరగతులుగా జేసి, వారిలో వారినే పోల్చవలెను. 120 వానికి 125 వాడు ప్రతియోగి గాని 180 వాడు గాడు. చిన్న లీగులలో తరగతికి ఇద్దఱు ముగ్గురే మిగులుదురని యాక్షేపింతురు, అది నిజమే. అట్టిచోట ఒక్కొక్కనికి స్పేరు అవకాశములెన్ని వచ్చెనో, ఎన్నింటిని నిలుపుకొనెనో ఆ లెక్కయైన వ్రాసియుంచవలెను. అందులకు ఒక కాగితమును, ఓపిక గల యొకడును చాలును.