నడినీట నిలిచి

నదిని మనలో చాలామంది రెండు చోట్ల నుండి మాత్రమే చూస్తారు: ఒడ్డు మీద నుండి, వంతెన మీద నుండి. ఒడ్డున నిలిచినవారికి నది ఒక అవసరం. స్నానానికి, బిందెకు, చేనికి కావలసిన నీరు అది. వంతెన మీది ప్రయాణికునికి అది రైలు చప్పుడు మారే కొన్ని క్షణాలు. ఒక నాణేన్ని కళ్ళకద్దుకుని కిటికీలో నుండి విసిరి, మళ్ళీ తన ఆలోచనల్లో పడిపోతాడు. నడినీట నిలబడి రెండు ఒడ్లనూ చూసే భాగ్యం పడవవారికి, జాలరులకు తప్ప తక్కినవారికి దక్కేది కాదు. ఇటీవలి కాలంలో ఆ భాగ్యాన్ని సామాన్యులకు కూడా అందుబాటులోకి తెచ్చినది ఒక బల్ల.

దానిని స్టాండప్ పాడిల్ బోర్డు అంటారు. పది పదకొండు అడుగుల పొడవు, రెండున్నర అడుగులకు కొంచెం మించిన వెడల్పు గల బల్ల మీద నిటారుగా నిలబడి, మనిషికన్నా ఒక జానెడు పొడవైన తెడ్డుతో నీటిని వెనుకకు తోస్తూ సాగిపోవడమే ఈ విద్య. ఈనాటి రూపంలో ఇది హవాయి దీవులలో పుట్టింది. 20వ శతాబ్ది మధ్యకాలంలో వైకీకీ తీరాన అలలపై స్వారీ నేర్పేవారు కొందరు తెడ్డు పట్టి బల్లపై నిలబడేవారు. 2000 సంవత్సరం తరువాత లెయిర్డ్ హామిల్టన్, డేవ్ కలామా వంటి ప్రసిద్ధ క్రీడాకారుల మూలంగా అది లోకమంతటా వ్యాపించింది. అయినా మన కోస్తా జాలరికి ఇది వింతగా తోచదు. దుంగలను తాళ్ళతో బిగించి కట్టిన తెప్ప మీద అలలను దాటి వెళ్ళడం అతనికి తాతల నాటి విద్య. తేడాలు రెండే. తెప్ప కొయ్యతో కట్టినది, ఈ బల్లలలో చాలావరకు గాలితో నింపేవి. అతనిది బ్రతుకుతెరువు, మనది విహారం.

కేరళలోని చాలియార్ ఇటువంటి ప్రయాణానికి తగిన నది. పడమటి కనుమలలో పుట్టి, 169 కిలోమీటర్లు ప్రవహించి, కోళికోడ్‌కు దక్షిణాన బేపూరు దగ్గర అరేబియా సముద్రంలో కలుస్తుంది. నిలంబూరు నుండి బేపూరు వరకు సుమారు 68 కిలోమీటర్ల దూరాన్ని తెడ్డు పట్టినవారు మూడు రోజులలో దిగుతారు. వానలు వెనుదిరిగి, వరద తగ్గి, ఎండలు ఇంకా ముదరని నెలలు ఇందుకు అనువైనవి. 2024 డిసెంబరులో నేనూ, మా శ్రీమతీ ఒక చిన్న బృందంతో ఆ దారిన వెళ్ళాము. నాకు అప్పటికి అరవై, ఆమెకు యాభై ఆరు. పిల్లలు తమ తమ కాపురాలకు వెళ్ళిపోయిన ఇంట్లో మేమిద్దరమే మిగిలి రెండేళ్ళయింది. అంతవరకు మా మాటలన్నీ ఏదో ఒక పని చుట్టూ తిరిగినవే: ఫీజులు, పెళ్ళిళ్ళు, పురుళ్ళు. ఆ పనులు తీరిన తరువాత మాటలు కూడా తగ్గాయి. ఆ వయసులో ఎన్నో ఇళ్ళలో ఉండే నిశ్శబ్దమే అది. దానిని కదిలించేందుకు ఏదైనా కావలసి ఉన్నది.

ఆమె కోనసీమలో గోదావరి పాయ ఒడ్డున పుట్టి పెరిగింది. అన్నదమ్ములు వేసవి అంతా నీళ్ళలోనే ఉండేవారు. ఆడపిల్లలకు మాత్రం రేవులో మూడో మెట్టు వరకే అనుమతి. “మూడో మెట్టు దాటకే అమ్మాయీ!” అని పెద్దవాళ్ళు కేకలు వేసేవారట. బిందె ముంచుకోవడం, బట్టలు జాడించడం, కార్తికంలో దీపాలు వదలడం, ఇంతవరకే ఆమెకు గోదావరితో పరిచయం. మన నదులకు పేర్లు ఆడవారివి, ఈత మాత్రం మగపిల్లలది! యాభై ఒకటో ఏట, మోకాళ్ళ నొప్పులకు మంచిదని వైద్యుడు చెప్పగా, ఆమె కొలనులో ఈత నేర్చుకున్నది. ఆ తరువాతే ఈ బల్ల సంగతి ఆమె చెవిన పడింది. ప్రయాణపు కోరిక ఆమెది, తోడు నాది.

ఈ విద్యలో మొదటి పాఠం నిలబడడం కాదు, మోకరిల్లడం. బల్లకు నట్టనడుమ పట్టుకునే పిడి ఒకటి ఉంటుంది. దానికి అటూ ఇటూ మోకాళ్ళూని, బల్ల తన బరువుకు అలవాటు పడేవరకు ఆగాలి. ఆ తరువాత ఒక్కొక్క పాదాన్నే మోకాలు ఉన్నచోటికి తెచ్చి మెల్లగా లేవాలి. పాదాలు భుజాల వెడల్పున ఉండాలి, మోకాళ్ళు కొంచెం వంగి ఉండాలి, చూపు దూరాన ఉండాలి. తన పాదాలను తాను చూసుకున్నవాడు వెంటనే తూలిపోతాడు. పడక తప్పనప్పుడు బల్లకు దూరంగా, నీటిపై వెడల్పుగా వాలాలి. లోతు తెలియని నదిలో తల ముందుగా పడరాదు.

ఇక్కడ ప్రాణానికి సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. మనిషి పడిపోయినప్పుడు బల్ల కొట్టుకుపోకుండా ఇద్దరినీ కలుపుతూ ఒక తాడు ఉంటుంది. దానిని లీష్ అంటారు. సముద్రంలోనూ, నిలకడ నీటిలోనూ దానిని చీలమండకు కట్టుకుంటారు. కాని పారే నదిలో అది యమపాశం కాగలదు. మునిగిన కొమ్మకో, వంతెన స్తంభానికో తాడు చిక్కుకున్నదంటే, ప్రవాహం మనిషిని కిందికి అదిమిపెడుతుంది, చెయ్యి చీలమండ వరకు అందదు. అందుకే నదిలో దానిని నడుముకు, ఒక్క లాగుతో ఊడిపోయే పట్టీకి తగిలించుకోవాలి. లైఫ్ జాకెట్టు వేసుకోవడం ఈత వచ్చినవారికి కూడా తప్పనిసరి. ఆలుమగలు కదా అని రెండు బల్లలనూ కలిపి కట్టుకోరాదు. నీట మునిగిన స్తంభానికి ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క వెళితే రెండూ చిక్కుకుంటాయి.

అంటే ఈ బల్ల మీద ఎవరికి వారే. పడవలో ఇద్దరు కూర్చున్నప్పుడు ఒకరు తెడ్డు వేస్తే ఇంకొకరు విశ్రమించవచ్చును. ఇక్కడ అది కుదరదు. మరి తోడు అంటే అర్థమేమిటి? బయలుదేరే ముందు మేము ఒక కట్టుబాటు చేసుకున్నాము. ఇద్దరి మధ్య దూరం మామూలు గొంతుతో పిలిస్తే వినిపించేంత ఉండాలి. వెనుకబడినవారి వేగమే ఇద్దరి వేగం కావాలి. చెప్పడానికి చిన్న మాటే. మూడు రోజులు పాటించడానికి ఎన్నోసార్లు తెడ్డు ఎత్తి పట్టుకుని ఆగవలసి వచ్చింది, కొన్నిసార్లు నేను, కొన్నిసార్లు ఆమె.

ఆ వేగంతో వెళ్ళడం వల్లనే నది మాకు కనిపించింది. నిలంబూరు దగ్గర నీరు తేటగా, కొన్నిచోట్ల మోకాటి లోతున మాత్రమే ఉన్నది. ఒడ్డున కానొలీ ప్లాట్ అనే టేకు తోట ఉన్నది. 1840 దశకంలో మలబారు కలెక్టరు కానొలీ వేయించగా, చాత్తు మేనోన్ అనే అధికారి పెంచిన తోట అది. ప్రపంచంలో మనుషులు నాటిన టేకు తోటలలో మిక్కిలి పాతదిగా దానికి పేరు. ఈ అడవుల కలపను ఒకప్పుడు ఈ నీటిపైనే తేల్చి కోళికోడ్‌లోని కల్లాయి కలప బజారుకు చేర్చేవారు. ఈ ఇసుకలో బంగారు రజను కూడా ఉన్నది. దానిని కడిగి ఏరుకునే వృత్తి ఇక్కడ తరతరాలుగా వస్తున్నది.

అదే నీరు 2024 జులై 30 తెల్లవారుజామున మరొకదానిని మోసుకొచ్చింది. ఎగువన వయనాడు కొండలలో ముండక్కై, చూరల్‌మల గ్రామాల మీద కొండచరియలు విరిగిపడినప్పుడు, మనుషుల దేహాలు కిలోమీటర్ల దూరం కొట్టుకువచ్చి నిలంబూరు ప్రాంతంలో చాలియార్‌లో తేలాయి. ఒడ్డు గ్రామాలవారు నీటిలో దిగి, ఎవరో తెలియని వారిని రోజుల తరబడి వెతికి ఒడ్డు చేర్చారు. మేము వెళ్ళింది ఐదు నెలలైనా నిండకముందు. మా వెంట వచ్చిన స్థానిక యువకుడు ఒక మలుపు దగ్గర తెడ్డు అడ్డంగా పెట్టుకుని మాట్లాడకుండా నిలబడ్డాడు. ఎవరమూ కారణం అడగలేదు. మా శ్రీమతి బల్ల మీద మోకాళ్ళూని, దోసిట నీరు తీసుకుని మళ్ళీ నదిలోనే వదిలింది.

రెండవ నాడు అరీకోడ్ దాటి మావూరు చేరేసరికి నది వెడల్పయింది, నెమ్మదించింది. ఒడ్డున కొబ్బరి, పోక తోటలు. వాటి నీడన నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఇంత ప్రశాంతమైన చోట 1963 నుండి ఒక రేయాన్ గుజ్జు కర్మాగారం నడిచింది. వెదురును, యూకలిప్టస్ కలపను అది గుజ్జు చేసేది. దాని వ్యర్థాలతో నీరు నల్లబడి, చేపలు చచ్చి తేలేవి. ఆవలి ఒడ్డున ఉన్న వాళక్కాడ్ ప్రజలు కె.ఎ. రహమాన్ నాయకత్వాన ఏళ్ళ తరబడి పోరాడారు. ఆయన 1999లో క్యాన్సర్‌తో మరణించాడు. కర్మాగారం 2001లో మూతపడింది. ఈ కథలో ఇంకొక ఒడ్డు కూడా ఉన్నది. ఆ మూతతో వేలమంది జీవనోపాధి పోయింది. ఒక ఒడ్డున నిలబడితే కూలి కనిపిస్తుంది, మరొక ఒడ్డున నిలబడితే జబ్బు కనిపిస్తుంది. నడుమ నిలబడినప్పుడు రెండూ కనిపిస్తాయి. తీర్పు చెప్పడం కష్టమవుతుంది, కాని నీటి పక్షం వహించడం మాత్రం సులభమవుతుంది. ఆనాటి నలుపు నీటిలో ఈనాడు లేదు. ప్లాస్టిక్ సంచులు మాత్రం ఒడ్డు తీగెలకు వేలాడుతున్నాయి, వరద ఎంత ఎత్తుకు వచ్చిందో గుర్తు పెట్టినట్లు. వాటిలో కొన్నిటిని తెడ్డుతో లాగి బల్ల ముందు భాగాన కట్టుకున్నాము.

మావూరుకు దిగువన ఊర్కడవు దగ్గర నదికి అడ్డంగా తలుపులతో కూడిన వంతెన ఉన్నది. సముద్రపు ఉప్పునీరు పైకి రాకుండా కాపాడేది అదే. అక్కడ బల్లలను ఒడ్డుకెక్కించి, మోసుకుని, అవతల దింపవలసి ఉంటుంది. దాని కింది నది వేరు. అక్కడ ప్రవాహం కన్నా సముద్రానిదే పెత్తనం. పోటు సమయంలో నీరు వెనుకకు నడుస్తుంది. మధ్యాహ్నం కాగానే పడమటి నుండి సముద్రపు గాలి వీస్తుంది. నిలబడిన మనిషి ఆ గాలికి తెరచాప వంటివాడు. పోటూ గాలీ ఒక్కసారి ఎదురైతే గంట శ్రమకు ముందడుగు పడకపోవచ్చును.

మూడవ నాటి ఉదయం ఫెరోక్‌కు ఎగువన బృందమంతా ఆలోచనలో పడింది. వెంటనే బయలుదేరాలా, ఆగాలా? మా శ్రీమతి ఒక ఎండుటాకును నీటిలో వేసి కొంతసేపు చూసింది. ఆకు కదలక, అక్కడే మెల్లగా గుండ్రంగా తిరిగింది.

“ఏమండీ, పోటు నిండింది. ఇంకాసేపట్లో పాటు తీస్తుంది. అప్పుడు బయలుదేరితే నీళ్ళే మనల్ని తీసుకుపోతాయి” అన్నది.

“నీకెట్లా తెలుసు?” అని అడిగాను.

“మూడో మెట్టు మీద కూర్చుని ఏళ్ళ తరబడి చూసింది ఇదే కదండీ!”

యువకుడు తన దగ్గరి పోటుపాట్ల పట్టిక చూసి తలూపాడు. అరగంట ఆగాము. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నేను ఎన్నడూ అడగని చిన్ననాటి సంగతులు, ఏ పాయలో ఏ చేప పడేదో, ఎవరి పడవ ఎక్కడ మునిగిందో, ఆ అరగంటలో ఆమె నోట విన్నాను. తరువాత నీరు కదిలింది. ఆమె ముందు, నేను వెనుక. గాలి లేవకముందే ఫెరోక్ వంతెనలను దాటి, ఒకవైపు బేపూరు, మరొకవైపు చాలియం కనిపించే చోటికి చేరాము. బేపూరు వడ్రంగులు ‘ఉరు’ అనే పెద్ద కొయ్య ఓడలను కట్టేది ఇక్కడే. అరబ్బు దేశాల దాకా పేరున్న పని అది. నది మొగ దగ్గర సముద్రపు అల మొదటిసారి బల్లను పైకెత్తి దింపింది. ఆమె ఒక్క క్షణం తూలి, మోకాళ్ళు వంచి, నిలదొక్కుకున్నది.

వయసు మళ్ళినవారికి ఇటువంటి సాహసం తగునా అని అడిగేవారుంటారు. ఈత రానివారికి, వానాకాలంలో, తెలిసినవారి తోడు లేకుండా, ఏ వయసులోనూ తగదు. ఆ మూడూ సరిచూసుకున్నవారికి, గుండె, మోకాళ్ళ విషయం వైద్యునితో మాట్లాడుకున్నవారికి, నెమ్మదిగా సాగే నది ఏదైనా చాలును. మొదట ఒక చెరువులో, ఒక గంట చాలును.

దాంపత్యాన్ని మన పెద్దలు బండితో పోల్చారు. రెండు చక్రాలు, ఒకే ఇరుసు. పిల్లల బరువును మోసినన్నాళ్ళూ ఆ పోలిక సరిపోతుంది. బరువు దిగిన తరువాత ఇరుసు అవసరం తీరుతుంది. అప్పుడు మిగిలేది రెండు వేరు వేరు బల్లలు, ఒకే ప్రవాహం. ఎవరి నిలకడ వారే చూసుకోవాలి. అయినా పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి, వెనుకనున్నవారి కోసం తెడ్డు ఎత్తి ఆగాలి. నది తన దారిన తాను వెళ్తూనే ఉంటుంది.