గృహిణీ విజ్ఞానము: సరకుబండి బెల్టు



గడచిన మాసమున సరకుబండి చక్రములకు గాలి యెంత పట్టింపవలయునో ముచ్చటించితిమి. ఈ మాసము ఆ బండి యింజనునందు తిరుగు బెల్టును గూర్చి వ్రాయుచున్నాము. ‘బండి సంగతి మగవారు చూచుకొందురు, మనకేల?’ యని కొందఱనవచ్చును. మా కొత్తవాడలో నట్లనుటకు వీలులేదు. ఇచ్చటి నేత యిండ్లలో కండెలు చుట్టుట, నేసిన జంపఖానాల అంచుపోగులు ముడివేయుట, మూటలు లెక్కించుట పెక్కుచోట్ల స్త్రీల చేతి పనులే. ఓరుగల్లు తివాచీలు 1851లో లండను మహాప్రదర్శనమున నిలిచినవి. ఓరుగల్లు దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఎంత పేరున్న నేమి, మూట అంగడికి చేరిననే గదా కూలి చేతికివచ్చుట! ఆ మూటను చేర్చునది చిన్న సరకుబండి. దానికి నెలనెల వాయిదా కట్టునది యింటి సొమ్ము. బండి యొక్క దినము నిలిచినచో ఆ నష్టము మొదట తగులునది వంటింటికే.

బెల్టు చేయు పని తెలియుటకు రాట్నమును తలచుకొనిన చాలును. పెద్దచక్రమును మనము త్రిప్పుదుము. చక్రమునుండి కదురునకు పోవు దారము కదురును త్రిప్పును. దారము వదులైనచో చక్రము తిరుగును గాని కదురు తిరుగదు. మిక్కిలి బిగువైనచో కదురు ఒరసికొని అరిగిపోవును. ఇంజనునందును ఇదే ధర్మము. ఇంజను తనంతట త్రిప్పు పుల్లీ పెద్దచక్రము వంటిది. బ్యాటరీకి విద్యుత్తు నందించు ఆల్టర్నేటరు, నీటిపంపు, స్టీరింగును తేలిక చేయు పంపు, ఏసీ యున్నచో దాని కంప్రెసరు — ఇవి కదురుల వంటివి. పూర్వము వీనికి వేఱువేఱు బెల్టులుండెడివి. 1979లో అమెరికా దేశపు ఫోర్డు మస్టాంగు కారులో వీనినెల్ల త్రిప్పు నొకే పొడవైన బెల్టు వచ్చినది. పామువలె మెలికలు తిరిగిపోవుటచే దానికి సర్పెంటైన్ బెల్టని పేరు. మన అంగళ్లలో మాత్రము నేటికిని ఫ్యాన్ బెల్టనియే అడుగుదురు.

మాకు పొరుగుననున్న బమ్మెర గ్రామమునకు చెందిన పోతనగారి భాగవతమున క్షీరసాగర మథనమును చదివినవారికి ఇచ్చట వాసుకి జ్ఞప్తికి రాక మానదు. త్రాడు గట్టిదైనను ఆధారము లేక మందరము క్రుంగినప్పుడు కూర్మము అడుగున నిలువవలసి వచ్చినది. మన బెల్టునకును అంతే. పుల్లీల లోపలి బేరింగులు, బెల్టు బిగువును కాపాడు టెన్షనరు చక్కగా లేనిచో క్రొత్త బెల్టును నిలువజాలదు.

బెల్టు తెగినచో నేమగును? బ్యాటరీ గుర్తుగల ఎఱ్ఱదీపము ముందఱి పలకపై వెలుగును. స్టీరింగు రాయివలె బరువగును. నీటిపంపు ఈ బెల్టు మీదనే తిరుగు బండియైనచో కొలది నిమిషములలో ఇంజను కాగిపోవును. మఱియొక ముఖ్య విషయము: చాల డీజిలు బండ్లలో బ్రేకునకు సాయము చేయు వాక్యూము పంపు ఆల్టర్నేటరుకే అమర్చబడియుండును. అట్టి బండిలో బెల్టు తెగినచో, నిలువయున్న బలము తీరిన పిదప, బ్రేకు మిక్కిలి గట్టిగా త్రొక్కినగాని పట్టదు. బరువు వేసికొని పోవు బండికి ఇది ప్రాణముతోడి మాట.

మా వీధిలో నొక నేత యింటి యిల్లాలు ఉదయమున కల్లాపి చల్లు వేళ, బండి కదిలించినప్పుడెల్ల కీచుమను ధ్వనిని పదిదినములు వినెను. చెప్పియుండెను గూడ. ‘చలికి అట్లే యరచునులే’ యని యింటివారు కొట్టివేసిరి. మూటలతో హైదరాబాదునకు బోవుచుండగా జనగామ దాటిన పిదప బెల్టు తెగెను. మఱునాటి ఉదయమునకు సరకు చేరవలయునను ఆత్రమున ఎఱ్ఱదీపమును చూచియు బండిని నడపిరి. ఇంజను కాగి చెడెను. కొన్ని వందల రూపాయలతో పోవలసినది, రెండు మగ్గముల కొన్ని నెలల కూలిని మ్రింగెను. విప్పి చూడగా తెలిసినదేమన, అంతకుముందు ఎక్కడనో వేయించినప్పుడు ఆఱు గాళ్లు ఉండవలసిన చోట ఐదు గాళ్ల బెల్టు వేయబడినది. అదియును తిరుగును, కాని ఆఱుగురు మోయు బరువును ఐదుగురు మోసినచో ఎంతకాలము మోయుదురు? ఇప్పుడా యింటిలో ఆమె చెవికి విలువ హెచ్చినది.

కావున మొదట చూడవలసినవి గుర్తులు. ప్రాతఃకాలమున కీచుమనుట, అంచుపోగులు లేచుట, గాలు తెగి ఊడుట, వెనుకభాగము అద్దమువలె మెరయుట, నూనెయో రేడియేటరు నీరో తగిలి తడిసియుండుట — ఇవి యన్నియు మార్చవలసిన సూచనలు. పగుళ్లు లేవుగదా యని మాత్రము ధైర్యపడరాదు. పూర్వపు నియోప్రీన్ బెల్టులు ముదిరినప్పుడు పగిలి చూపెడివి. నేటి బెల్టులు హెచ్చుభాగము ఈపీడీఎమ్ అను రబ్బరుతో చేయబడుచున్నవి. అవి పగులక, చెప్పు మడమవలె అరిగిపోవును. క్రొత్త బెల్టున గాడి కోణముగా నుండును. అరిగినదానిలో అడుగు గుండ్రమగును. కావున కన్నుతోబాటు కిలోమీటర్ల లెక్కను గూడ నమ్మవలెను. ఎన్ని కిలోమీటర్లకు మార్చవలెనో బండితో వచ్చు పుస్తకమునందుండును.

ఇక ఎంపిక. నూలు కొనునప్పుడు నంబరడుగక కొనుదుమా? బెల్టునకును నంబరున్నది. పాత బెల్టు వెనుక 6పీకే1880 అని యున్నదనుకొనుడు. మొదటి 6 గాళ్ల సంఖ్య. పీకే యనునది గాలుకు గాలుకు నడిమి యెడము 3.56 మిల్లీమీటర్లుగల జాతి. 1880 పొడవు మిల్లీమీటర్లలో. అమెరికా పద్ధతిలో ఇదియే కే060740 అని యుండును. అనగా ఆఱు గాళ్లు, 74 అంగుళములు. అక్షరములు చెరిగియున్నచో బండి పుస్తకమును, మోడలు సంవత్సరమును చూపి అడుగవలెను. బండి పేరు మాత్రమే చెప్పిన చాలదు. ఒకే పేరుగల బండికి ఏసీ యున్నచో నొక పొడవు, లేనిచో నింకొక పొడవు ఉండవచ్చును. ‘కొంచెము పొట్టి, సాగునులే’ యను మాటను నమ్మరాదు. బెల్టు లోపల నిలువునా గట్టి దారములు పడుగువలె పరచియుండును. బిగువంతయు మోయునవి అవే; అవి సాగునవి కావు. అందుచేతనే క్రొత్త బెల్టును మెలిపెట్టి, మడచి, మూలలు నొక్కి దాచరాదు. పడుగు తెగినచో గుడ్డ యేమగునో నేతవారికి చెప్పనక్కరలేదు. మంచి కంపెనీ ముద్ర, చెదరని పెట్టె, రసీదు — ఈ మూడును లేనిదే డబ్బు చేతినుండి జారనీయకుడు.

మార్చుట మెకానిక్కు పనియైనను క్రమము తెలిసియున్నచో దగ్గఱ నిలిచి చూడవచ్చును. ఇంజను చల్లారియుండవలెను, తాళపుచెవి తీసి చేతనుంచుకొనవలెను, బ్యాటరీ ఋణపు తీగ విప్పవలెను. బెల్టు ఏ పుల్లీకి పైనుండి, దేనికి క్రిందనుండి పోవుచున్నదో బానెట్టు క్రింద పటముండును. లేనిచో విప్పకముందే కాగితముపై గీచుకొనవలెను. ఫోనుతో ఛాయాపటము తీసిన ఇంకను మేలు. తర్వాత టెన్షనరును పానాతో త్రిప్పి పట్టి బెల్టును తీయుదురు. స్ప్రింగు లేని బండ్లలో మరను వదులు చేయుదురు. అప్పుడు ప్రతి పుల్లీని చేతితో త్రిప్పి చూడుమనుడు. గరగర శబ్దమో, ఊగులాటయో యున్నచో దానిని గూడ మార్పింపవలెను. పాత బెల్టు, క్రొత్త బెల్టు ప్రక్కప్రక్కన పట్టి గాళ్లు లెక్కించుడు. ఆ యొక్క నిమిషమును ఎన్నడును విడువరాదు. పుల్లీల గాళ్లలోని మట్టి, నూనె తుడిపించుడు. గాళ్లున్న పుల్లీలకు ముందుగా తొడిగి, నున్నని పుల్లీపై చివర ఎక్కించుట సులభము. టెన్షనరును మెల్లగా వదలవలెను. ప్రతి గాలు తన గాడిలోనే కూర్చున్నదా యని వ్రేలితో తడిమి చూడవలెను. ఒక్క గాడి తప్పినను బెల్టు త్వరలో చిరుగును.

ఇంజను తిరుగుచుండగా దగ్గఱకు పోరాదు. పైటకొంగు, జడ, దుపట్టా, గాజులు — ఒక్క క్షణములో లాగికొనును. పిల్లలను దూరముంచవలెను. కీచుధ్వని పోవుటకై సబ్బు, మైనము, నూనె పూయు అలవాటు కొందఱికి గలదు. అది రోగమును కప్పుటయే గాని మందు కాదు. మెకానిక్కు బెల్టుపై కొంచెము నీరు చిలికినప్పుడు శబ్దము ఆగి మరల వచ్చినచో పుల్లీలు ఒకే వరుసలో లేవనియు, శబ్దము హెచ్చినచో బిగువు చాలదనియు గ్రహింపవలెను.

పాలలెక్క, చాకలిలెక్క వ్రాయు పుస్తకములోనే ఒక పుటను బండికి కేటాయించుడు. బెల్టు మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, బెల్టు నంబరు అందు వ్రాసికొనుడు. అదే నంబరుగల బెల్టొకటి ఎండ, నూనె తగులని చోట బండిలో నుంచి పంపుడు. ఎఱ్ఱదీపము వెలిగినచో బండిని ప్రక్కకు తీసి నిలుపవలెనని, సరకు ఆలస్యమైనను ఫరవాలేదని, బయలుదేరువారితో ఇంటినుండియే చెప్పి పంపుడు. ఆ మాట యింటి యిల్లాలు చెప్పినచో త్రోవలో ఆత్రము తగ్గును.

వచ్చు మాసమున బ్యాటరీని గూర్చి ముచ్చటింతుము.