మొదటిరోజు ధార చూసి పంట పెట్టకండి

ఈసారి రాసేది మన బోరు గురించే, కాకపోతే ఒక కంప్యూటర్ ఆట దగ్గర మొదలుపెడతాను. నవ్వకుండా చివరిదాకా చదవండి.

ఆట పేరు ఆక్సిజన్ నాట్ ఇంక్లూడెడ్. కెనడాలోని క్లే ఎంటర్‌టైన్‌మెంట్ అనే కంపెనీ 2019లో పూర్తిగా విడుదల చేసింది. మావాడు ఆడుతుంటాడు. ఒక గ్రహశకలం లోపల కొంతమంది ఇరుక్కుపోయి ఉంటారు. గాలి, నీళ్ళు, తిండి అన్నీ వాళ్ళే సంపాదించుకోవాలి. ఆ నేలలో అక్కడక్కడా గీజర్లు ఉంటాయి. బాత్రూంలో గీజర్ కాదండీ, భూమిలోంచి ఎగజిమ్మే వేడినీళ్ళ ఊట.

ఈ ఊట ఎప్పుడూ పారదు. కాసేపు చిమ్ముతుంది, కాసేపు ఆగుతుంది. అలా కొన్నాళ్ళు నడిచి, తర్వాత కొన్నాళ్ళు పూర్తిగా పడుకుంటుంది. ఆటలో ఒక రోజంటే 600 సెకన్లు. ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. చిమ్మేటప్పుడు సెకనుకు 9 కిలోల నీళ్ళు. 600 సెకన్లలో చిమ్మేది 300 సెకన్లే, అంటే సగం. 100 రోజుల్లో మేలుకుని ఉండేది 60 రోజులే. 9లో సగం 4.5, దాన్లో నూటికి అరవై 2.7. కంటికి కనపడేది 9, చేతికొచ్చేది 2.7. రోజుకు 1,620 కిలోలు.

అందులో బ్రిసిల్ బ్లాసమ్ అనే మొక్క రోజుకు 20 కిలోల నీళ్ళు తాగుతుంది. ధార చూసి మురిసిపోతే 270 మొక్కలు పెడతాం. అసలు లెక్కకు ఆగేవి 81. ఆ 81 కూడా ఊరికే బతకవు. ఊట పడుకునే 40 రోజులకు 64,800 కిలోలు ముందే దాచిపెట్టాలి. అక్కడ ట్యాంకుకు 5,000 కిలోలు పడతాయి, అంటే 13 ట్యాంకులు. దాచే చోటు లేకపోతే ఆ సగటు కాగితం మీదే ఉంటుంది.

ఇప్పుడు మన సంగతి. బోరు బండి గాలి కొడితే నీళ్ళు పైకి లేస్తాయి, మూడించులు పడ్డాయని ఊరంతా చెప్పుకుంటాం. అవి రాతి పగుళ్ళలో ఎన్నాళ్ళుగానో చేరిన నీళ్ళు. రోజూ ఊరేది వేరు.

200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూడండి. 80 సెకన్లలో నిండితే గంటకు 9,000 లీటర్లు. కరెంటు 9 గంటలున్నా, బోరు ఆగి ఆగి మొత్తం 3 గంటలే పోస్తే రోజుకు 27,000 లీటర్లు. ఎకరం మడిలో ఒక్క మిల్లీమీటరు నిలబెట్టడానికే సుమారు 4,000 లీటర్లు కావాలి. అంటే ఎకరానికి వచ్చేది ఏడు మిల్లీమీటర్ల లోపే. ఎండాకాలంలో ఎండకు, ఇంకుడుకు కలిపి వరి మడికి అదే చాలీచాలదు. ఇక రెండో ఎకరం ఎక్కడినుంచి తడుపుతాం?

ఒక విషయంలో ఆట కన్నా మన బతుకు కష్టం. అక్కడ ఊట ఎప్పుడు పడుకున్నా మొక్క తాగేది అంతే. మన బోరు ఏప్రిల్, మే నెలల్లో, పైరు ఎక్కువ తాగే టైముకే పడుకుంటుంది. మనకు పదమూడు ట్యాంకులు లేవు. సేద్యపు కుంట ఉన్నా ఎండకు ఆవిరైపోతుంది. అందుకే నా మాట ఇది: ఎండాకాలం పంటకు ఏడాది సగటు కూడా నమ్మొద్దు, ఏప్రిల్ నీళ్ళ లెక్క మీదే ఎకరాలు తేల్చుకోండి. అది చూడకుండా పక్కనే ఇంకో బోరు వేస్తే, పగులు అదే అయితే నీళ్ళూ అవే. అప్పు మాత్రం కొత్తది.

ఆటలో కూడా ఒక మనిషి వెళ్ళి ఊటను పరిశీలిస్తేనే అంకెలు బయటపడతాయి. మనమూ ఒక నోటుబుక్కు మోటారు షెడ్డులో పెట్టుకుందాం. ఏ రోజు ఎన్ని గంటలు పోసింది, డ్రమ్ము ఎన్ని సెకన్లకు నిండింది, అంతే రాయాలి. ఒక్క ఎండాకాలం రాస్తే చాలు, వచ్చే ఏడాది ఎంత పెట్టాలో ఇంకొకర్ని అడగక్కర్లేదు. మీ బోరు లెక్క వేసి కింద రాయండి, అందరం చూసుకుందాం.