పట్టాలేని కౌలు

ఇంటర్నెట్టుద్వారా వేలమంది యొకే మాయాలోకమునఁ జేరి, తలకొక పాత్ర ధరించి యాడు ఆటలను జూచి పెద్దలు కాలహరణమని గొణుగుచున్నారు. కాలహరణముతో మాకు తగవు లేదు, చదరంగమును కాలహరణమే. మా యభ్యంతరము పైకము రాబట్టు పద్ధతిని గూర్చి.

ప్రసిద్ధమైన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'నే తీసికొందము. 2004 నవంబరులో అమెరికాలో వెలువడిన యీ యాటకు మొదట పెట్టె వెల, పిమ్మట నెలకు సుమారు 15 డాలర్ల చందా. చందా నిలిచిన నాడు పెట్టె కొన్నవానికిని ద్వారము మూసివేయఁబడెడిది. కొన్నేండ్ల కొకమాఱు 'ఎక్స్‌పాన్షన్' పేర క్రొత్త ఖండమొకటి తెఱవఁబడును. దానికి వేఱు వెల. నజరానా, శిస్తు, మరల నజరానా! మన జమీందారులకైన నింత నేర్పు గలదా?

అసలు నేర్పు వేఱే యున్నది. 2007 జనవరిలో 'ది బర్నింగ్ క్రూసేడ్' అను తొలి విస్తరణము రాఁగా, 60గా నుండిన స్థాయుల పరిమితి 70 అయ్యెను. నలువదేసిమంది జట్టుగట్టి, నెలల తరబడి రాత్రులు మేల్కొని గడించిన ఖడ్గకవచములలోఁ బెక్కు, క్రొత్త ఖండమున సులువుగా దొరకు సామగ్రి యెదుట వెలవెలఁబోయెను. మఱుసటి యేఁట 'రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్' వచ్చి పరిమితి 80కి లేచెను. పంట చేతికి వచ్చునప్పటికి గట్టు జరుపుట కాదా యిది? విస్తరణము కొనుమని నిర్బంధము లేదందురు. నిజమే. కాని తోడివారెల్ల ముందునకు సాగిపోఁగా, పాతచోట నొంటరిగా నిలుచువాని స్వేచ్ఛ యెట్టిది?

యంత్రములకును పనివారికిని వ్యయ మగునని కంపెనీవారి వాదము. కాదనము, చందా దానికే గదా! 2018లో పెట్టె వెల తొలఁగించి, పాత విస్తరణములను చందాలోఁ జేర్చిరి. మంచి పనియే. సరిక్రొత్త ఖండమునకు మాత్రము నేఁటికిని వేఱు వెలయే.

ఇంత చెల్లించినను పట్టా లేదు. 'సిటీ ఆఫ్ హీరోస్' అను ఆట 2012 నవంబరు 30వ తేదీన మూతపడఁగా, ఎనిమిదేండ్లు పెంచుకొన్న పాత్ర లారాత్రితో మాయమయ్యెను. రైతును నోటిమాటతో వెళ్లఁగొట్టిన దివాణములు మనకుఁ గ్రొత్త కాదు. 1948 నాఁటి మదరాసు శాసనముతో వానిని రద్దు చేయించుకొన్నవారమే.

కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుండి, అనుమతి మాత్రమే యిచ్చుచున్నామని స్పష్టముగాఁ దెలుపక డిజిటల్ సరకును 'కొనుఁడు' అని చెప్పి యమ్మరాదు. అదే యేఁట మన పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల శాసనము చేసినది. దాని కోపమెల్ల డబ్బొడ్డు ఆటలపైనే; పందెము లేని యాటకుఁ జందా వసూలు చేయవచ్చును. సరియే. వసూలు చేయువాఁడు తానిచ్చునది సొత్తో అద్దెయో ముందే వ్రాసి యియ్యవలెను. ఆట మూయుటకుఁ జాలముందుగాఁ దెలుపవలెను. మిగిలిన నెలల చందా తిరిగి చెల్లింపవలెను. ఈ మూఁడు నిబంధనలను ఢిల్లీ ప్రభుత్వము వెంటనే చేయవలెనని మేము కోరుచున్నాము.