ఆడేవాళ్లున్నారు, ఆడించేవాడేడీ?



సాయంత్రం పూట మనవాళ్లు గ్రౌండులో ఆడుతుంటే దారిన పోయే పెద్దమనిషెవరో ఒకరు అంటనే ఉంటరు: "ఏం పిలగా, ఆట అన్నం పెడ్తదా?" ఈ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్.

1909లో హైదరాబాదులో పుట్టిన రహీమ్ సాబ్ మొదట ఆటగాడే. ఉస్మానియాలో చదువుతూ ఫుట్‌బాల్ ఆడాడు. బతుకుదెరువుకు బడిలో పాఠాలు చెప్పాడు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడైనాడు. ఆ ఏడాది నుంచి 1954 దాకా ఆ జట్టు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. పోలీసు కొలువే ఆ ఆటగాళ్లకు అన్నం పెట్టింది. ఆ కొలువుకు దారి చూపింది మాత్రం ఆటే!

ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడింది. మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతో ఆడారు. అంత ఓటమి తర్వాత ఇంకెవరైనా ఇంట్ల కూసునేవారేమో. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే రహీమ్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం తెచ్చింది. అప్పటికే క్యాన్సర్ ఆయన ఒంట్లో ఉంది. 1963 జూన్‌లో కన్నుమూశాడు.

పతకాల కంటె నన్ను ఆలోచింపజేసేది వేరొకటి. ఆటగాళ్లు ప్రతి ఊళ్లోనూ పుడతారు. వాళ్లను జట్టుగా మలిచే మనిషి దొరకడమే అరుదు. మనం వార్షికోత్సవంలో గెలిచినవాళ్లకు కప్పులిస్తాం, ఫొటోలు దిగుతాం. బంతి కొనడానికి చందా వేస్తాం. నేర్పేవాడి సంగతి మాత్రం ఎవ్వరం అడగం.

నా కోరిక చిన్నదే. ఒకప్పుడు ఇక్కడ ఆడిన పూర్వవిద్యార్థులు వారానికి ఒక్క సాయంత్రం గ్రౌండుకు రావాలి. మగపిల్లలతో పాటు ఆడపిల్లలకూ నేర్పాలి. ఆ ఏర్పాటు మన సంఘం చూడాలి. రామన్నపేటలో రైలెక్కితే హైదరాబాదు ఎంతో దూరం లేదు. రహీమ్ సాబ్ దారి కూడా అంత దూరమేం కాదు. ఎవరో ఒకరు ముందుగా విజిల్ అందుకోవాలె, అంతే.