అమ్మమ్మ గాజు.. నా పూస

‘టక్’మని చిన్న శబ్దం. రాత్రి పదకొండు దాటింది. లైటేసి చూస్తే, సాయంత్రం ముచ్చటపడి చేసిన పూస రెండు ముక్కలై పడుంది.

మా సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో 3,730 సీసపు నాణేలున్న కుండ బయటపడింది, గుర్తుందా? అక్కడి తవ్వకాల్లో గాజు పూసలూ దొరికాయి. వందల ఏళ్లు నేల కింద ఉన్నాయవి. నాదేమో ఒక్క రాత్రి కూడా ఆగలేదు!

నవ్వులాటకి అన్నాగానీ, బాధగానే ఉంది. కోదాడలో అమ్మమ్మ ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకుపెట్టెలో ఆమె ఆకుపచ్చ గాజు మూడు ముక్కలై కనిపించింది. దాన్ని పూసగా మార్చి మిర్యాలగూడలో ఉన్న అమ్మకి ఇద్దామనుకున్నా. సూర్యాపేటలో ఫ్రెండ్ షెడ్డులో టార్చ్ వెలిగించాం. ఆన్‌లైన్‌లో కొన్న రంగులేని గాజు కడ్డీని కరిగించి ఉక్కు పుల్లకి చుట్టి, దానిపైన అమ్మమ్మ గాజు ముక్కని ఒక పొరలా వేశా. కడ్డీ ఎంతకీ కరగనని మొండికేసింది. గాజు ముక్క మాత్రం తేనెలా కారింది. అప్పుడే డౌట్ రావాల్సింది!

ఆ కడ్డీ బోరోసిలికేట్. కాలేజీ ల్యాబ్‌లో బీకర్లు చేసే రకం. చేతి గాజులు సోడా, సున్నం కలిసిన మెత్త రకం. వేడికి సాగడంలో, చల్లారితే కుంచించుకోవడంలో దేని లెక్క దానిదే. పూసలకి వాడే మెత్త గాజుకి ఆ నంబరు సాధారణంగా 104, బోరోకి 33. అంటే మీటరు పొడవు కడ్డీలు 500 డిగ్రీలు చల్లబడితే, మెత్తది సుమారు 5 మిల్లీమీటర్లు తగ్గుతుంది. బోరో 2 కూడా తగ్గదు. రెండూ అతుక్కుని ఉంటే ఒకదాన్నొకటి లాగి లాగి, చివరికి టక్!

తిరుపతి దగ్గర పాపానాయుడుపేట పూసలవాళ్లకి ఈ గొడవ లేదు. కొలిమిలో కరిగిన ఒకే గాజుని సన్నటి గొట్టంలా లాగి, ముక్కలు చేస్తారు.

కలిపి తీరాలంటే ముందు టెస్ట్ చేయండి. రెండు గాజుల్నీ కొంచెం అతికించి, నెమ్మదిగా చల్లార్చండి. ల్యాప్‌టాప్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, పోలరైజ్డ్ కళ్లద్దాల్ని స్క్రీన్ నల్లగా కనిపించేదాకా తిప్పండి. మధ్యలో గాజు ముక్క పట్టుకోండి. అతుకు చుట్టూ వెలుగు మెరిసిందా? లోపల లాగుడు ఉన్నట్టే. వెలుతురు దూరే గాజుకే ఈ చిట్కా పనిచేస్తుంది.

మెత్త రకం కడ్డీతో ట్రై చేసినా నాకు వెలుగే కనిపించింది. ఆ టెస్టుకి రెండో ముక్కలో కొసంత ఖర్చయింది. అమ్మకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పేశా.

“పోనీలే బిడ్డా, ఇంకా ఉన్నయ్ గదా” అంది.

ఈసారి ఏమీ కలపలేదు. మిగిలిన అమ్మమ్మ గాజుతోనే రెండు పూసలు చేసి, కిల్న్‌లో రాత్రంతా మెల్లగా చల్లార్చాం. రంగులేని పూసలు విడిగా చేశా. అన్నీ ఒకే దారానికి గుచ్చా.

నెల దాటింది. అమ్మ మెడలో చెక్కు చెదరకుండా ఉన్నాయి.