ఆటపెట్టెకు తీగ లేని కబురు

పాత వస్తువుల మీద మమకారమున్న యింట్లో ఒక చిక్కు వుంటుంది. వాటిని వాడుకోవాలి, పాడుచేయకూడదు. టీవీకి తగిలించే పాత ఆటపెట్టె సంగతీ అంతే. జపానులో 1983లో ‘ఫామికామ్’గా పుట్టి, 1985లో అమెరికాలో ‘ఎన్.ఇ.ఎస్.’ పేరుతో అమ్మకానికి వచ్చిన నింటెండో పెట్టెనే తీసుకోండి. దాని కంట్రోలర్ తీగ హాలుకు అడ్డంగా సాగి పెద్దవాళ్ళ కాళ్ళకు ఉచ్చవుతుంది. పిల్లవాడు ఒక్క గుంజు గుంజాడంటే పెట్టె బల్లమీంచి నేలకు దిగుతుంది.

ఆ తీగ బాధ తప్పించడానికి పెట్టెను విప్పనక్కరలేదు, దాని భాష తెలిస్తే చాలు. పెట్టె సాధారణంగా సెకనుకు 60 మార్లు, “ఏ మీట నొక్కారు?” అని అడుగుతుంది. కంట్రోలర్‌లోని 4021 అనే ఐ.సి. ఎనిమిది మీటల సంగతీ ఒకదాని వెనుక ఒకటిగా ఒకే తీగమీద చెబుతుంది. నొక్కిన మీటకు సున్న, నొక్కని మీటకు 5 వోల్టులు. ఈ సంభాషణకు అయిదు తీగలు చాలు: 5 వోల్టులు, గ్రౌండు, లాచ్, క్లాక్, డేటా.

నా పద్ధతి చెబుతాను. ఒక ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని దాన్ని సగానికి కోస్తాను. అసలు తీగ జోలికి పోను. ఒక సగం పెట్టెకు. దాని కొసన కొత్త 4021 పెట్టి, 9వ పిన్నుకు లాచ్, 10కి క్లాక్, 3కి డేటా కలుపుతాను. ఐ.సి. ఎనిమిది ఇన్‌పుట్లకు ‘ఆర్డుయినో నానో’, దానికి ‘ఎన్ఆర్ఎఫ్24ఎల్01’ రేడియో. రెండో సగం మరో నానో, రేడియో, బ్యాటరీ వున్న చిన్న డబ్బాకు. పాత కంట్రోలర్‌ను ఆ డబ్బాకు తగిలించి ఒళ్ళో పెట్టుకోవడమే. మైక్రోసెకన్లలో జవాబివ్వడం ఐ.సి. పని గనుక నానోకు తొందర లేదు.

మూడు జాగ్రత్తలు. రేడియోకు 3.3 వోల్టులే ఇవ్వాలి. 5 ఇస్తే కాలిపోతుంది. కేబుల్ రంగులను నమ్మక, ఏ తీగ ఏ పిన్నుదో మల్టీమీటర్‌తో చూడాలి. కబురు తెగినప్పుడు ఎనిమిది మీటలూ నొక్కనట్టే నానో చెప్పాలి. లేకుంటే తెరమీది వీరుడు ఆగకుండా పరుగెత్తి గోతిలో పడతాడు, యింట్లో పిల్లలు గోల పెడతారు.

రేపెవరికైనా తీగే ముద్దనిపిస్తే రెండు ప్లగ్గులు ఊడదీస్తే సరి. పెట్టె మీద గాని, కంట్రోలర్ మీద గాని కత్తిగాటు ఒక్కటీ వుండదు.